దొరలు ఒకరినొకరు ముట్టుకోకూడదు

రాక్సాన్‌కి పెళ్ళయి రెండు వారాలైనా కాలేదు. అప్పుడే మొగుడి చెయ్యి పట్టుకోవడానికి వీల్లేని రోజొకటి వచ్చిపడింది.

మొగుడు క్లేటన్ ఎక్కడికీ పోలేదు. ఎదురుగానే, హోటల్ వరండాలో గోడకానుకుని ప్రెట్జెల్ అనే ఉప్పురొట్టె నములుతున్నాడు. తలమీద కొమ్ముల టోపీ, భుజాలమీద వెండికాగితపు చుక్కలు కుట్టిన నల్లటి అంగీ. రాక్సాన్ తలమీదా అదే కొమ్ముల టోపీ. కాకపోతే ఆమె టోపీకి నిజమైన రొట్టెముక్కలు అతికించి ఉన్నాయి, నడుముకి వంటింటి గుడ్డ, బుగ్గలనిండా పిండి. ప్రెట్జెల్‌లో సగం ఆమెకివ్వాలనిపించి, అతను ముక్కని కాగితపు పళ్ళెంలో పెట్టి, పళ్ళేన్ని నేలమీద పెట్టి, కాలితో మెల్లగా ఆమెవైపు తోశాడు. రాక్సాన్‌కి అదీ ముద్దుగానే అనిపించింది. ఈమధ్య ఆమెకి అతను తుమ్మినా ముద్దుగానే ఉంటోంది.

అంతా బూడిద దొర వల్ల వచ్చింది. పాత కామిక్స్‌లో అతను పరమ దుర్మార్గుడు, పట్టుకున్నదల్లా బూడిద చేస్తాడు. ఒక్క లోకంలో అతని ఆగడాలు చాలవన్నట్టు, రాసినవాళ్ళు లోకానికొక బూడిద దొరని పుట్టించారు. ఒకచోట ఇనుప దొర, ఒకచోట మంచు దొర, ఒకచోట శూన్య దొర, ఒకచోట నక్షత్రాలు మింగే దొర, మరీ రాయడానికి ఏమీ తోచని నెలల్లో పిల్లి దొర, రొట్టెల దొర. ఎన్ని లోకాలున్నా మనిషి ఒక్కడే కాబట్టి, ఏ ఇద్దరు దొరలు ముట్టుకున్నా లోకాలన్నీ కుప్పకూలతాయి. అమెరికాలో, టోలిడో ఊళ్ళో ఏటా జరిగే కామిక్స్ జాతరకి ఈ దొరల వేషాలు కట్టుకొచ్చే బృందం ఆ నియమాన్ని ప్రాణంలా చూసుకునేది. ఎవరైనా ఇద్దరికి వేలు తగిలిందా, కబురు చెవినపడ్డ ప్రతి దొరా ఉన్నచోటే నేలకూలి చచ్చిపోవాలి. కిందటేడు హాట్‌డాగ్‌ల వరసలో ఇనుప దొర మోచెయ్యి మంచు దొరకి రాసుకుంటే, శూన్య దొర వేషంలో ఉన్న బెర్నీస్ ఆవాల సాసు చేతిలో ఉండగానే పడిపోయిందట. పొద్దున్నించీ ఆ కథ రాక్సాన్‌కి ముగ్గురు చెప్పారు. చెప్పినవాళ్ళలో బెర్నీస్ కూడా ఉంది.

ఇదంతా రాక్సాన్ సంతోషంగా భరించింది ఒక్క ఫోటో కోసం. మధ్యాహ్నం దొరలందరూ నిలబడి ఫోటో దిగుతారు. దాన్ని పెద్దది చేయించి, బృందానికి పెద్ద అయిన గ్రబోవ్‌స్కీ తన కామిక్స్ కొట్టులో తలుపు పక్కనే తగిలిస్తాడు. తీసేది ఆయన కూతురు ఇంగ్రిడ్, ఊళ్ళో పేరున్న పెళ్ళి ఫోటోగ్రాఫరు. రాక్సాన్ దంపతులకి పెళ్ళి ఫోటో లేదు. కోర్టులో జడ్జిగారి ముందు ఉంగరాలు మార్చుకుంటున్నప్పుడు ఫోన్ పట్టుకున్నది క్లేటన్ వాళ్ళ పిన్ని. ఆవిడ ఆనందం పట్టలేక ఏడుస్తూ ఫోన్‌ని తనవైపు తిప్పుకుంది. ప్రతి ఫోటోలోనూ ఎర్రబడ్డ పిన్నిగారి ముక్కే. ఆ ముక్కు వెనక ఎక్కడా పెళ్ళికూతురు లేదు.

అందుకే హాల్లోకి పిలవగానే రాక్సాన్ అందరికన్నా ముందు వెళ్ళి క్లేటన్ పక్కన, జానెడు దూరంలో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ నిలబడింది.

"అమ్మాయ్, నువ్విక్కడ కాదు," అన్నాడు గ్రబోవ్‌స్కీ. ఆయన తెల్లగడ్డంతో, అసలు బూడిద దొర వేషంలో ఉన్నాడు; అసలు దొరకి బలాబలాల లెక్క లేదు.

"మరెక్కడండీ?"

ఆయన చెయ్యి చాపి హాలు ఆ చివర, చెత్తడబ్బా పక్కన చూపించాడు. అక్కడ పిల్లి దొర వేషంలో ఉన్న పళ్ళ డాక్టరొకాయన తన చేతిని తనే నాక్కుంటూ కూర్చున్నాడు.

"మనది బలాన్నిబట్టి వరసమ్మా. అందరికన్నా బలవంతుడు ఈ చివర, నక్షత్రాలు మింగే దొర, అంటే మీ ఆయన. అందరికన్నా బలహీనుడు ఆ చివర. రొట్టెల దొర పిల్లి చేతిలో కూడా ఓడిపోయాడు కదా, కాబట్టి నీది పిల్లికి అవతల."

రాక్సాన్ మెల్లగా మొగుడివైపు తిరిగింది. "క్లే. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"అందరికీ తెలిసిందేగా అనుకున్నా, బంగారం."

"అందరికీ అంటే ఎవరికి? మా నాన్నకి తెలుసా? మన పాస్టరుగారికి తెలుసా?"

"ఎవడు ఎవణ్ణి కొడతాడో మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా!"

"ఎవడెవణ్ణి కొడతాడో చెప్పావు. ఎవడెక్కడ నించుంటాడో చెప్పావా? రొట్టెల దొర వేషం కడతానంటే 'అబ్బ, నీకు ఎంత బాగుంటుందో' అన్నావు."

"బాగుంది కూడా," అన్నాడు క్లేటన్ దీనంగా. తర్వాత పెద్దాయనవైపు తిరిగి, "పోనీ, నేనే బలహీనుణ్ణని ఒప్పుకుంటానండీ. నన్నటు పంపెయ్యండి," అన్నాడు.

"ఒప్పుకో నాయనా, ఒప్పుకో!" అంది పక్కనే ఉన్న బెర్నీస్, కొమ్ములు సర్దుకుంటూ. ఆవిడ రిటైరైన లైబ్రేరియన్, ఎన్నో ఏళ్ళుగా రెండో స్థానంలో నిలబడి విసిగిపోయిన మనిషి. "నువ్వు నా చేతిలో ఓడావంటే రెండోవాడివవుతావు. మీ ఆవిడకి ఒక్క అడుగు దగ్గరవుతావు. నాకు మాత్రం మొదటి స్థానం వస్తుంది. అందరికీ మేలే."

"నాన్నా, తొందరగా కానివ్వు," అని అరిచింది ఇంగ్రిడ్ కెమెరా వెనకనుంచి. "నాలుగింటికి నేనొక పెళ్ళికి వెళ్ళాలి. అక్కడ పెళ్ళికూతురు నాకోసం ఏడుస్తూ ఉంటుంది."

"ఇక్కడి పెళ్ళికూతురు ఏడుపు ఎవరికీ పట్టదా?" అన్నాడు క్లేటన్.

రాక్సాన్ ఏడవలేదు. చెత్తడబ్బా దాకా నడిచింది. పిల్లి దొర ఆమెను చూసి మర్యాదగా "మ్యావ్" అన్నాడు. అక్కణ్ణించి చూస్తే క్లేటన్ బొటనవేలంత ఉన్నాడు. కొట్టు గోడమీద ఎన్నేళ్ళు వేలాడినా ఆ ఫోటోలో తామిద్దరూ ఒకరికొకరు తెలియనివాళ్ళలాగే ఉంటారు. చూసినవాళ్ళు, పాపం ఆ పిండిమొహం అమ్మాయి ఎవరో ఒంటరిగా వచ్చింది అనుకుంటారు. అలా అనుకోగానే ఆమెకి ఒళ్ళు మండింది, దానితోపాటే ఒక సంగతి గుర్తొచ్చింది. పిండి రాలుస్తూ వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"గ్రబోవ్‌స్కీ గారూ, ఒక్క మాట. ఎవరు బలవంతులో దేన్నిబట్టి తేలుస్తారు?"

"బొమ్మలో కనబడిందే లెక్క. ఊహలు పనికిరావు."

"రొట్టెల దొర కథ చివర ఏమవుతుంది?"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "నక్షత్రాలు మింగే దొర ఆ లోకంలో సూర్యుణ్ణి మింగడానికి వస్తాడు. తెల్లవారుజాము. రొట్టెల దొర అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె పళ్ళెంలో పెడతాడు. వాడు తింటాడు."

"తిని?"

"కడుపు నిండిందంటాడు."

"అని?"

"వెళ్ళిపోతాడు," అన్నాడు గ్రబోవ్‌స్కీ. ఆయన గొంతులో అనుమానం మొదలైంది.

"మరి సూర్యుడో?"

"ఉంటాడు."

"వంద సూర్యుళ్ళని మింగినా ఆకలి తీరనివాడు, కడుపు నిండిందని ఇంకెక్కడైనా అన్నాడా?"

"లేదు," అన్నాడు క్లేటన్ గబుక్కున. మొహం వెలిగిపోతోంది. "ఎక్కడా అనలేదు. నేను ఒట్టేసి చెప్తా."

"నువ్వు ఊరుకో," అంది బెర్నీస్. "ఇదెక్కడి లెక్కమ్మా! అన్నం పెట్టడం ఓడించడమా? ఆ లెక్కన మా అమ్మ నన్ను రోజుకి మూడుసార్లు ఓడించింది."

చుట్టూ ఉన్న దొరలు పకపకా నవ్వారు. మంచు దొర గడ్డం ఊడి కిందపడింది.

రాక్సాన్ తగ్గలేదు. "బెర్నీస్ గారూ, మీరు ఇనుప దొరని ఎలా ఓడించారు?"

"నేనా? వాడు నా కోట మీదికొస్తే..." బెర్నీస్ ఆగిపోయింది.

"వస్తే?"

"తలుపేసుకున్నాను," అంది ఆవిడ గొణుగుతూ.

"అవును, తలుపే వేసుకుంది!" అన్నాడు వెనకనుంచి ఇనుప దొర, ఎన్నాళ్ళనించో కడుపులో దాచుకున్న బాధతో. "ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. వచ్చిన పని జరగనివ్వకుండా తిప్పి పంపితే ఓడించినట్టే అని నన్ను కిందికి తోశారు."

అందరూ గ్రబోవ్‌స్కీ వైపు చూశారు. ఆ తీర్పు ఆయనదే. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు పెదాలు కదిపాడు.

"రొట్టెల దొర గెలిచాడు," అన్నాడు చివరికి. ఇనుప దొర చప్పట్లు కొట్టాడు. "కానీ ఆగండి. రొట్టెల దొరని పిల్లి ఓడించింది. పిల్లిని మంచు దొర ఓడించాడు. మంచుని ఇనుము, ఇనుముని శూన్యం, శూన్యాన్ని నక్షత్రాలు మింగేవాడు. వాణ్ణి మళ్ళీ రొట్టెలవాడు." ఆయన మొహం పాలిపోయింది. "ఇన్నేళ్ళూ మనం వరసని తిన్నగా నిలబెట్టాం. ఇది తిన్నగా లేదే!"

"గుండ్రంగా నిలబడండి మరి," అంది ఇంగ్రిడ్, అప్పటికే నిచ్చెన లాక్కొస్తూ. "నేను పైనుంచి తీస్తాను. దీనికింత గొడవా?"

దొరలందరూ గొణుక్కుంటూ గుండ్రంగా సర్దుకున్నారు, ఒకరి అంగీ ఒకరికి తగలకుండా. పిల్లి దొర పక్కన రాక్సాన్, రాక్సాన్ పక్కన క్లేటన్. ఇద్దరి చేతులకీ మధ్య వేలెడు సందు.

"గెలిచావు," అన్నాడు క్లేటన్ పెదాలు కదపకుండా.

"నిన్నే ఓడించా."

"ఇంటికెళ్ళాక రొట్టె పెడతావా మరి?"

"కదలకండి!" అంది ఇంగ్రిడ్ నిచ్చెనమీంచి. "ఒకటి... రెండు..."

రాక్సాన్ పక్కకి చూసింది. అతని అంగీమీద ఒక వెండి చుక్క ఊడిపోయి దారానికి వేలాడుతోంది. దాన్ని తనే కుట్టింది. కుట్టేటప్పుడు అతను సూదిలో దారం ఎక్కించలేక నాలుక బయటపెట్టి కూర్చున్న వైనం గుర్తొచ్చింది. వేలెడు సందే. పిండి చేత్తో అతని చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"ముట్టుకున్నారు!" అని కేక పెట్టాడు పిల్లి దొర.

ఇంకేముంది, లోకాలన్నీ కూలాయి. మంచు దొర వెల్లకిలా, ఇనుప దొర డబ్బాల చప్పుడుతో, గ్రబోవ్‌స్కీ గుండె పట్టుకుని, అందరూ పువ్వు విచ్చుకున్నట్టు బయటివైపుకి పడిపోయారు. బెర్నీస్ పడేముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంది. నిలబడి ఉన్నది ఇద్దరే, చేతులు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతూ. పైన కెమెరా క్లిక్కుమంటూనే ఉంది.

"మీరూ చావాలమ్మా!" అంది బెర్నీస్ నేలమీంచి. "అసలు మొట్టమొదట చావాల్సింది మీరే!"

"ఒక్క నిమిషం, బెర్నీస్ గారూ. ఇప్పుడే చస్తాం," అంది రాక్సాన్. కానీ చెయ్యి వదల్లేదు.

ఇంగ్రిడ్ నిచ్చెన దిగుతూ కెమెరాలో చూసుకుని పెదవి కొరుక్కుంది. "పెళ్ళికి వెళ్ళకముందే ఈ పూట పెళ్ళి ఫోటో తీసేశాను," అంది తనలో తను.

"అన్ని లోకాలనీ కూల్చింది ఎవరూ?" అని అడిగాడు గ్రబోవ్‌స్కీ, కళ్ళు తెరవకుండానే, తీర్పుచెప్పే గొంతుతో.

"రొట్టెల దొర!" అన్నాయి నేలమీది శవాలు.

"నక్షత్రాలవాడి సాయం ఉంది లెండి," అన్నాడు క్లేటన్.

"సాయమేముంది? నువ్వు ఊరికే నించున్నావు," అంది బెర్నీస్. "సరేలే. అయిపోయిన లోకాలు ఎటూ అయిపోయాయి. ఎవరైనా వచ్చి నన్ను లేపండి. ఈ మోకాలు కింద పడ్డమే గానీ లేవడం ఎరగదు."

రాక్సాన్ ఒక చెయ్యి, క్లేటన్ ఒక చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి లేపారు. శూన్య దొర అంగీకి రెండువైపులా పిండి అంటుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ముగ్గురికీ, తాము ముట్టుకుంటున్నామని. ఒకరినొకరు చూసుకుని, బెర్నీస్ మోకాలి కోసం కాస్త మెల్లగా, ఈసారి ముగ్గురూ కలిసి చచ్చిపోయారు.