భరించగలిగే విసుగు

రోవెలిన్ "నాయ్, నేనొకటి ఆలోచించాను" అని మొదలుపెట్టిందంటే చాలు, వాళ్ళమ్మ నెల్ఫా చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టేసేది. గరిటె చేతిలో ఉంటే ఏం చేసేస్తుందో ఆవిడకే నమ్మకం లేదు.

"చెప్పు తల్లీ. ఈ వారం ఏంటి?"

"సోషల్ వర్క్."

"పోయిన వారం ఫిజియోథెరపీ అన్నావు."

"అన్నాను. కానీ నిన్న ఆస్పత్రిలో ఆ సోషల్ వర్కర్ మేడమ్‌ని చూశాక..."

"అంతకు ముందు వారం చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పించే చదువన్నావు. దాని పేరు నాకు నోరు తిరగదు. అయినా అదీ ఒక చదువేనా? దానికి ముందు నర్సు. ఇందాయ్ పిల్లా, ఆ ఆస్పత్రిలో నేల తుడిచేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని ఇంకా చూడలేదా?"

రోవెలిన్ ముఖం ముడుచుకుని ఉల్లికాడలు తరగడానికి కూర్చుంది.

ఇలోయిలో అనే ఊళ్ళో, లా పాజ్ బజారులో నెల్ఫాది బచోయ్ అనే నూడుల్స్ పులుసు అమ్మే కొట్టు. తెల్లారకముందే పంది ఎముకలు పొయ్యెక్కాలి, జనం పనుల్లోకి వెళ్ళే వేళకి పులుసు చిక్కబడాలి. మొగుడు సరుకు ఓడలో వంటవాడు. ఏడాదికోసారి వచ్చి, వీధిలో అందరికీ చాక్లెట్లు పంచి, మళ్ళీ వెళ్ళిపోతాడు. అందుకని కూతురి చదువు తాలూకు తలనొప్పంతా నెల్ఫాదే.

నిజానికి ఫిబ్రవరి దాకా ఈ తలనొప్పి లేదు. వాళ్ళ వీధిలో స్కూలు చదువు అయిపోయిన ఆడపిల్ల నర్సింగ్‌లో చేరుతుంది, మగపిల్లాడు ఓడ ఎక్కే చదువులో చేరతాడు. రోవెలిన్ కూడా అంతే అనుకుంది. సరిగ్గా అప్పుడు నెల్ఫా తల్లికి, అంటే రోవెలిన్ లోలా అని పిలిచే అమ్మమ్మ కన్సింగ్‌కి, పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

మాట పూర్తిగా పోయినా ఒక దారి. కానీ పోలేదు, అదే చిక్కు. నీళ్ళు కావాలన్నా, టీవీ ఆపమన్నా "త... త... త..." అంటూ ఆగిపోయేది. కోపం వస్తే మాత్రం "యవా!" అని గంట కొట్టినట్టు పలికేది. సైతాను అని తిట్టడం అన్నమాట. పుట్టి బుద్ధెరిగి ఆవిడ ఆ మాట అని ఎరగదు. మనవలెవరైనా అంటే మూతి మీద ఒక్కటిచ్చేది.

నెల్ఫా కొట్టు వదిలి రాలేదు కాబట్టి, రోజు విడిచి రోజు లోలాని ఆటోలాంటి ట్రైసికిల్ ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళే పని రోవెలిన్ మీద పడింది. అక్కడే పిల్ల బుర్ర పాడైపోయింది. ఒకామె లోలాని రెండు కడ్డీల మధ్య నిలబెట్టి, చంకలో చెయ్యి వేసి, నాలుగడుగులు నడిపించింది. ఆ రోజు రోవెలిన్‌కి ప్రపంచంలో అంతకన్నా గొప్ప పని లేదనిపించింది. ఇంకొకామె ఒంటి చేత్తో గౌను గుండీ పెట్టుకోవడం నేర్పించింది. గుండీ పడగానే లోలా ఏడ్చింది, రోవెలిన్ కూడా ఏడ్చింది, గొప్ప పని మారిపోయింది. తర్వాత సోషల్ వర్కర్ మేడమ్ ఫోన్లో ఎవరినో దులిపేసి చక్రాల కుర్చీ తెప్పించింది. ప్రతిసారీ పిల్ల ఇంటికి వెలిగిపోతూ వచ్చేది, వారం తిరక్కుండా ఆరిపోయేది.

ఎవరిని సలహా అడిగినా ఒకటే మాట. "నీ మనసు మంచిది. ఓర్పు ఎక్కువ. నీకు ఏదైనా నప్పుతుంది." స్కూల్లో మేడమ్ అదే అంది, చర్చిలో వాళ్ళు అదే అన్నారు. వింటుంటే రోవెలిన్‌కి ఒళ్ళు మండేది. ఏదైనా నప్పుతుంది అంటే ఏమీ చెప్పనట్టే కదా. పైగా తనకి ఓర్పు లేదన్న సంగతి తనకి తెలుసు. లోలా చొక్కా చేతిలో చెయ్యి దూర్చడానికి అవస్థ పడుతుంటే తను పళ్ళు నూరుకుంటూ నిలబడేది. అది ఎవరికీ కనపడదు, అంతే.

ఏప్రిల్‌లో తీతా పెర్లితా దిగింది. నెల్ఫాకి అక్క, రోవెలిన్‌కి పెద్దమ్మ. ఇరవై ఏళ్ళకు పైగా రియాద్‌లో నర్సుగా చేసి, ఉద్యోగం మానేసి, ఇక తల్లి దగ్గరే ఉంటానని వచ్చేసింది. ఆవిడ మామూలుగా మాట్లాడినా వార్డు చివరి మంచం దాకా వినపడుతుంది.

"ఇందులో ఆలోచించడానికేముంది? నర్సింగ్. మిగతావన్నీ నర్సుల పనిలోంచి విడగొట్టి పేర్లు పెట్టినవే," అంది వచ్చిన రోజే.

"మరి నువ్వెందుకు మానేశావు తీతా?"

"నడుం పోయింది కాబట్టి."

తీతా వచ్చిన వారానికి ఫాదర్ ప్రసాదం ఇవ్వడానికి ఇంటికి వచ్చాడు. పెర్లితా ఇల్లంతా తుడిపించి, తల్లికి తెల్ల గౌను తొడిగించి, జుట్టు దువ్వి కూర్చోబెట్టింది. ఫాదర్ వంగి, అప్పం పైకెత్తి, "క్రీస్తు శరీరం" అన్నాడు. లోలా కన్సింగ్ ఆమెన్ అనడానికి నోరు తెరిచింది. పెదవులు వణికాయి. అంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"యవా!" అంది లోలా, స్పష్టంగా.

పెర్లితా ముఖంలో నెత్తురు చుక్క లేదు. నెల్ఫా సిలువ గుర్తు వేసుకుంది. రోవెలిన్‌కి నవ్వు ఆగలేదు, వంటింట్లోకి పారిపోయి మూతికి చేట అడ్డం పెట్టుకుంది. పాపం ఫాదర్ మంచివాడు, విననట్టే ఊరుకున్నాడు. కానీ లోలా ఆ పూటంతా గోడ వైపు తిరిగి పడుకుంది. అది చూశాక రోవెలిన్‌కి తన నవ్వు మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పెర్లితా ఆస్పత్రికి స్వయంగా వచ్చి, స్పీచ్ థెరపిస్టు లిండన్ సార్‌ని నిలదీసింది. "రెండు నెలలుగా మీరు నేర్పించింది ఇదేనా?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "తిట్లు, పాటలు, కంఠతా వచ్చిన ప్రార్థనలు వేరే దారిన వస్తాయండి. మనం వెతుక్కుని అనే మాటల దారి ఆవిడకి దెబ్బతింది. ఆమెన్ అనాలన్న ఆత్రంలో వెతికింది. చేతికి దొరికింది అదీ. మీ అమ్మగారు తిట్టలేదు, తడబడింది."

రోవెలిన్ కళ్ళు మళ్ళీ మెరవడం పెర్లితా గమనించింది. వెంటనే తన పాత స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆ స్నేహితురాలు ఊళ్ళోనే ఒక నర్సింగ్ కాలేజీలో పెద్ద మేడమ్.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి, అందరూ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. కాల్చిన చేప ఇంకా ముల్లు తీయనే లేదు, పెర్లితా అంది:

"రేపు పొద్దున్నే వెళ్ళి కాలేజీలో పేరు రాయించుకో. సీటు ఖాయం చేయించాను."

"ఏ సీటు?"

"ఇంకేం సీటు? నర్సింగ్."

"నన్ను అడిగావా?"

"నిన్నడిగితే పదిరకాల చదువులు చెప్తావు. అందుకే అడగలేదు," అంది పెర్లితా, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

"ఇదే నాకు నచ్చదు తీతా! అందరూ మనసు మంచిది, మనసు మంచిది అంటారు, ఆ మనసులో ఏముందో ఒక్కరూ అడగరు!"

"ఏముందో చెప్పు మరి!" అని నెల్ఫా అందుకుంది. "చెప్పి చావు! రెండు నెలల్నించి నీ మనసులో ఏముందో వినీ వినీ నా పులుసు మాడిపోతోంది!"

"నువ్వు కూడా తీతా వైపేనా నాయ్?"

"నేను ఎవరి వైపూ కాదు. ఏదో ఒక వైపు చేరమంటున్నాను!"

"యవా!" అంది లోలా తన కుర్చీలోంచి.

"చూశావా, అమ్మకి కూడా విసుగొచ్చింది," అంది పెర్లితా. కుర్చీ ఇంకా ముందుకు జరుపుకుని రోవెలిన్ ముఖంలో ముఖం పెట్టింది. "నువ్వు నీ గురించే ఆలోచిస్తున్నావు. సేవ అంటే నచ్చినట్టు ఎంచుకునేది కాదు."

"యవా! త... త... యవా!"

"నీళ్ళు కావాలేమో," అంది నెల్ఫా, గ్లాసు అందించింది. లోలా ఎడం చేత్తో గ్లాసు తోసేసింది. "టాయిలెట్‌కేమో." లోలా తల అడ్డంగా ఊపింది. "ఎండ పడుతోందేమో, కిటికీ వెయ్యి." "కాదు, జపమాల అడుగుతోంది." "అమ్మా, చేప కావాలా?" లోలా "యవా, యవా" అంటూనే ఉంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ముగ్గురూ ఒకేసారి అడుగుతున్నారు, ఒకళ్ళ మాట ఒకళ్ళకే వినపడ్డం లేదు.

"నోళ్ళు మూయండి!" అని అరిచింది రోవెలిన్. ఆ ఇంట్లో పెద్దవాళ్ళని అలా ఎవరూ అనలేదు.

రోవెలిన్ లోలా ముందు నేల మీద కూలబడింది. తనకి ఒళ్ళంతా కోపంగానే ఉంది. కానీ లిండన్ సార్ ఎలా అడుగుతాడో చూసింది కాబట్టి అలాగే, ఒక్కొక్క మాటే అడిగింది.

"లోలా. కావాలా? ఏదైనా కావాలా?"

తల అడ్డంగా ఊపింది.

"నొప్పా?"

లోలా అవునన్నట్టు గట్టిగా తల ఆడించింది.

"చూపించు. తొందర లేదు. చూపించు."

లోలా ఎడం చెయ్యి ఒడిలోంచి లేచి, గాలిలో తచ్చాడి, మెల్లగా కిందికి వంగింది. రోవెలిన్ ఆ వేలి వెంట చూసింది. పెర్లితా కూర్చున్న కుర్చీ కోడు లోలా కుడి కాలి బొటనవేలి మీద ఉంది. పడిపోయిన కాలు, వెనక్కి లాక్కోలేదు. గోరు లేచిపోయి, చెప్పు నెత్తుటితో తడిసింది.

పెర్లితా లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది, మందుల పెట్టె తెరిచింది, తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగింది, మందు వేసి కట్టు కట్టింది. చేతులు ఎంత తేలిగ్గా కదిలాయంటే లోలా ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. రోవెలిన్ ఆ చేతులు చూస్తూ, నర్సు అంటే ఇదీ అనుకుంది. అనుకుని, తన మీద తనకే చెడ్డ చిరాకు పుట్టింది. మళ్ళీ మొదలు!

"కాలేజీ మేడమ్‌ని వారం రోజులు ఆగమని చెప్తాను," అంది పెర్లితా కట్టు చివర అతికించి, తలెత్తకుండా. "అంతకన్నా ఆగితే నా పరువు పోతుంది."

మంగళవారం లోలా ఫిజియోథెరపీలో ఉండగా, రోవెలిన్ వెళ్ళి లిండన్ సార్ ఎదురుగా కూర్చుంది. ఆయన బిస్కెట్లు టీలో ముంచుకుని తింటున్నాడు. జరిగిందంతా చెప్పింది.

"ఏది చూస్తే అది నచ్చేస్తోంది సార్. ఎలా తేల్చుకోవాలో తెలీడం లేదు."

"నచ్చడం చూసి తేల్చుకోకు," అన్నాడాయన. "నువ్వు చూసినవన్నీ మంచి రోజులు. మంచి రోజున మా అందరి పనీ బానే ఉంటుంది. చెడ్డ రోజులే వేరువేరుగా ఉంటాయి. ఎవరి పనిలో ఏది విసుగో అడిగావా ఎప్పుడైనా?"

"లేదు."

"అడుగు. ఏ విసుగైతే నువ్వు భరించగలవో అది చదువుకో."

"నాకు ఓర్పు లేదు సార్. అందరూ ఉందనుకుంటున్నారు."

"నాకు మాత్రం ఉందా? ఇంట్లో మా ఆవిడ తాళాలు ఎక్కడ పెట్టిందో చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచిస్తే గంతులేస్తాను. ఇక్కడ మాత్రం కూర్చుంటాను. ఎందుకో నాకూ తెలీదు."

ఆ వారమంతా రోవెలిన్ ఆస్పత్రిలో కనపడిన వాళ్ళనల్లా అదే అడిగింది. మంచి గురించి అడిగితే ఆలోచించి ఆలోచించి చెప్పేవాళ్ళు, చెడు గురించి అడిగేసరికి కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టారు. సోషల్ వర్కర్ మేడమ్, "ఎత్తని ఫోన్లు. ఎత్తినా, రేపు చెయ్యమనేవాళ్ళు" అంది. ఒక నర్సు, మనిషి ముఖం చూసేదానికన్నా కాగితం ముఖం చూసేది ఎక్కువంది. ఫిజియోథెరపిస్టు, ఇంట్లో వ్యాయామం చెయ్యకుండా చేశామని కళ్ళలోకి చూసి చెప్పే రోగులే విసుగంది. గుండీల ఆవిడ నిట్టూర్చి, "ఇదీ ఒక చదువేనా అనేవాళ్ళు" అంది. రోవెలిన్ తల దించుకుంది.

లిండన్ సార్ చివర్లో చెప్పాడు. "రాని మాట కోసం కాచుకోవడం. కొందరికి ఎప్పటికీ రాదు. ఇంట్లోవాళ్ళు నా ముఖం వంక చూస్తూ ఉంటారు, వస్తుంది అంటానేమోనని."

ఆ మాట విన్నాక రోవెలిన్ ముఖం వెలగలేదు. ఎత్తని ఫోన్ని తను గోడకేసి కొడుతుంది, ఆ సంగతి తెలుసు. అబద్ధమాడే రోగి మీద అరుస్తుంది. కానీ ఆదివారం నాడు, అంత కోపంలోనూ, లోలా వేలు కిందికి దిగేదాకా తను కూర్చుంది కదా. అది ఓర్పు కాదు. పేరేదైనా, కూర్చోగలిగింది.

లిండన్ సార్ చదివిన చదువే చదువుతానని శనివారం సాయంత్రం కొట్టులో చెప్పింది. ఆ చదువు తమ ఊళ్ళో తనకు దొరకలేదని, సెబూ వెళ్ళాలని కూడా చెప్పింది.

"సెబూ!" అంది నెల్ఫా. "సముద్రం దాటి! దగ్గర్లో ఉన్నవన్నీ చూసి చూసి, లేనిదాన్ని ఎంచుకుందండీ నా కూతురు!"

"నేనా మేడమ్‌కి ఏం చెప్పుకోను?" అంది పెర్లితా. "అది సరే, అమ్మని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు?"

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆవిడ వంక చూశారు.

"నన్నెందుకు చూస్తారు? నేను రిటైరయ్యాను!"

ఇద్దరూ చూస్తూనే ఉన్నారు.

"నా నడుం..." అని ఏదో అనబోయి, పెర్లితా బచోయ్ గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఆ ట్రైసికిల్‌వాడు గుంతలు చూసి నడుపుతాడా, లేదా?"

ఆగస్టులో రోవెలిన్ సెబూ వెళ్ళింది. అక్కడ మొదటి ఏడాదంతా మాట అన్నదే లేదు. ఎముకలు, నరాలు, చెవిలోపలి గుల్లలు. ఒకసారి తప్పింది, మళ్ళీ రాసి గట్టెక్కింది. నర్సింగ్ పిల్లలు తెల్ల బట్టల్లో వెళ్తుంటే ఇప్పటికీ ఒక్క క్షణం అటు చూస్తుంది. లోలా కన్సింగ్ డిసెంబరుకి పెర్లితాని పేరు పెట్టి పిలవగలిగింది. ఆ సంగతి పెర్లితా ఫోన్లో చెప్తూ, తనకేదో ప్రమోషన్ వచ్చినట్టు రెండుసార్లు చెప్పింది.

రెండో ఏడాది మధ్యలో వాళ్ళని మాటరాని పిల్లల దగ్గర కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. రోవెలిన్‌కి వచ్చిన పాప నాలుగేళ్ళది, పేరు చెర్రీ మే. గంటసేపు ఆ పాప నోరు విప్పలేదు. చెక్క దిమ్మెలు ఒక్కొక్కటే రోవెలిన్ మోకాలికి గురిచూసి విసిరింది. ఏరి ఇచ్చిన కొద్దీ విసిరింది. పాప తల్లి తలుపు సందులోంచి రోవెలిన్ ముఖం వంకే చూస్తూ నిలబడింది.

బయటికి వచ్చేసరికి రోవెలిన్ చెవులు ఎర్రగా కందిపోయాయి. టీచరమ్మ అడిగింది, "ఎలా ఉంది?"

"ఒక్క మాట లేదు మేడమ్. మోకాలు వాచింది."

"మార్చమంటావా? వేరే పిల్లని ఇస్తాను."

"వద్దు," అంది రోవెలిన్ కసురుతున్నట్టు. "గురువారం ఎన్నింటికి రమ్మంటారు?"