నిదానానికో కారణం

"కెరీర్ అంటున్నారు డాక్టరమ్మ," అన్నాడు మొగుడు ఫోన్ పెట్టేస్తూ. ఒక పక్క మిక్సీ, ఇంకో పక్క వాషింగ్ మెషీన్. ఆ గోలలో ఆయన చెవి గోల్‌మాల్ అయింది.

"ఎవరి కెరీరురా?" అంది తల్లి.

"నీ కోడలిదే. వాళ్లన్నయ్యలాగే తనది కూడానట. రేపు రమ్మన్నారు."

కోడలిని ఇంటిల్లిపాదీ నిదానం అనే పిలుస్తారు. నిదానమే ప్రధానం అంటారు గానీ, ఆ ఇంట్లో నిదానమే ప్రధాని కూడా. పని మొత్తం ఆమెదే.

"ఆస్పత్రిలో ఉద్యోగమేమో," అంది అత్తగారు. "ఇది వెళ్లి చేరేలోపు రోగులు నయమై ఇళ్లకు పోతారు."

కిటికీ దగ్గర కూర్చున్న అన్నయ్య తల తిప్పాడు. స్కిజోఫ్రీనియాకు ఏళ్లుగా మందులు వాడుతూ చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. లేని గొంతులు విన్న మనిషికి, ఉన్న మాట మాత్రం ఇట్టే అందింది.

"కెరీర్ కాదు బావా, క్యారియర్, అంటే లోపాన్ని ఒంట్లో మోసే మనిషి. నా జన్యువుల్లో ఒక ముక్క లేదన్నారు కదా, మొన్నటి పరీక్షలో చెల్లాయికీ అదే లేదని తేలిందన్నమాట."

అని లేచి గదిలోకి వెళ్లాడు. మంచం కింది సూట్‌కేసు బయటికొచ్చింది. "నా జబ్బు దానికి అంటించాను. ఇంకెవరికీ అంటించక ముందే ఏదైనా మానసిక రోగుల హోమ్‌లో చేరిపోతా."

"హోమ్ వదిలి హోమ్‌కా బావా?" అన్నాడు మొగుడు. అన్నయ్య చొక్కాలు సర్దుతూనే ఉన్నాడు.

నిదానం చేతులు తుడుచుకుంది. "రేపు నేను అడిగొస్తా. అందాకా గడప దాటకు," అంది.

మర్నాడు బస్సులో ఒకే ప్రశ్న వల్లించుకుంటూ వెళ్లింది. రెండోది ఎక్కించుకుంటే మొదటిది దిగిపోతుందని భయం. ఆమె పనిచేసే కళ్లజోళ్ల షాపులోనూ అంతే. ఓనరు వరసగా నాలుగు పనులు చెబితే మొదటిది నిలుస్తుంది, మిగతావి జారిపోతాయి. అందుకే ఒక ఫ్రేములో అద్దాలు బిగించాకే ఇంకో ట్రే ముట్టుకుంటుంది. మొన్న ఇదే ఆస్పత్రిలో జ్ఞాపకశక్తి పరీక్షకు అంకెలు వెనక్కి చెప్పమంటే ముందుకు కూడా రాలేదు.

"ఇది మా అన్నయ్య వల్లే వచ్చిందా?" అని అడిగేసింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. విన్నాక నిదానానికి రెండో ప్రశ్న దానంతటదే వచ్చింది: "మరి నాకూ గొంతులు వినపడతాయా?"

తిరిగొచ్చేసరికి సూట్‌కేసు గుమ్మంలో ఉంది. దాని మీదే అన్నయ్య కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ అటూ ఇటూ కాపలా.

"అందరూ వినండి, మధ్యలో ఎవరూ మాట్లాడకండి, తప్పిపోతాను," అంది నిదానం. "అన్నయ్యా, ఇది జలుబు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటడానికి. అమ్మ నుంచో నాన్న నుంచో నీకు వేరుగా, నాకు వేరుగా వచ్చింది, పుట్టకముందే. చాలా అరుదట. ఆ ముక్క లేనివాళ్లకి జబ్బొచ్చే అవకాశం ఎక్కువే, కానీ చాలామందికి రాదు. నాకు ఆ జబ్బు మొదలయ్యే వయసు దాదాపు దాటిపోయింది. రానే రాదని ఒట్టేయలేనంది డాక్టరమ్మ, భయపడుతూ కూర్చోవద్దనీ అంది."

"మరి నీలో ఏ తేడా లేదా?" అన్నాడు అన్నయ్య.

"జబ్బు రాకపోయినా కొందరికి జ్ఞాపకం, లెక్క, వేగం కాస్త తగ్గుతాయట. మతి చెడ్డం కాదు, గతి తగ్గడం. బళ్లో నన్ను మొద్దు అన్నారే, కొంత అందుకే కావచ్చు."

అన్నయ్య తల దించుకున్నాడు. ఆ మాట మొదట అన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"అన్నీ దాని మీదికే తోసేయకు," అంది అత్తగారు. "నిన్న పాలు పొంగింది నువ్వు ఫోన్ చూస్తుంటే."

"అది నా సొంతం అత్తయ్యా. దానికి డాక్టరమ్మ పూచీ లేదు."

మొగుడు వంగి సూట్‌కేసు పిడి పట్టుకున్నాడు. "లేవండి బావా, మీతో సహా మోయలేను."

అన్నయ్య లేచాడు గానీ లోపలికి పోలేదు. "నా వల్ల కాదన్నమాట," అన్నాడు మెల్లగా. "మళ్లీ ఒకసారి చెప్పు."

ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి అత్తగారు కూడా మధ్యలో మాట్లాడలేదు.