జవాబు వచ్చేదాకా

పాలు మాడిన వాసన.

సుభద్ర స్టవ్ ముందే నిలబడి ఉంది. నురగ లేవడం చూసింది. అంచు దాటడం చూసింది. కట్టేయాలనుకుంది... చేయి లేవలేదు. లేచేసరికి పాలు గట్టంతా పారాయి.

దేశం కాని దేశంలో, బుకిట్ బటోక్‌లో కూతురి ఫ్లాట్. కిటికీ అవతల వాన. భర్త జనార్దనరావు పోయినప్పటినుంచి లోకమంతా ఆమెకు ఆ వాన అవతలి నుంచే వినిపిస్తోంది — మెత్తగా, ఆలస్యంగా.

లిఫ్టు తలుపులు ఆమె అడుగు వేసేలోపే మూసుకుంటాయి.

ఎవరేమడిగినా ఆమె మాట వెతుక్కునేలోపే కూతురు గీతాంజలి జవాబు చెప్పేస్తుంది. "అమ్మకు వయసైపోయింది" అని నవ్వేస్తుంది.

సాయంత్రం వాన వెలిసింది. కింద, తడిసిన గడ్డిలో, మనవరాలు తన్మయి బంతి విసిరింది.

ఒకప్పుడు కాకినాడలో బాల్ బాడ్మింటన్ ఆడిన చేయి సుభద్రది. పసుపు ఉన్ని బంతి ఎటు వస్తుందో కంటికన్నా ముందే ఆ మణికట్టుకు తెలిసేది.

బంతి వచ్చింది. గుండెల మీద తగిలింది. గడ్డిలో పడింది.

"అమ్మమ్మా, క్యాచ్ లా! యూ నెవర్ సీ ఆ?" అంది తన్మయి, అక్కడి పిల్లల ఇంగ్లీషులో.

"చూశానమ్మా..."

చూసింది. వస్తున్నంతసేపూ చూసింది.

అందుకే భయం వేసింది.

డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లమని మర్నాడు తనే అడిగింది.

క్లినిక్‌లో, లైటు వెలగగానే బటన్ నొక్కమన్నారు. వెలిగింది... నొక్కింది. వెలిగింది... ... నొక్కింది.

డాక్టర్ లత తెలుగావిడే. నిద్ర గురించి అడిగింది.

"బానే పడుకుంటుంది డాక్టర్, నైట్ అంతా —" గీతాంజలి అందుకుంది.

"ఆవిడని చెప్పనివ్వండి."

చాలాసేపు ఏసీ చప్పుడు ఒక్కటే.

"తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది," అంది సుభద్ర. "లేచి... ఎవరికోసం కాఫీ కలపాలో తెలియదు."

గీతాంజలి తల వంచుకుంది.

"ఇదంతా వయసు కాదమ్మా," అంది డాక్టర్. "డిప్రెషన్. ఆ దిగులు మనసుతో పాటు ఒంటినీ నెమ్మది చేస్తుంది. మందులున్నాయి. టైమ్ పడుతుంది."

తిరిగి వస్తూ, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఆగారు.

"ఏం తింటావమ్మా? దోశ —"

గీతాంజలి మాట మింగేసింది. వెనక క్యూలో ఎవరో గొంతు సవరించుకున్నారు. తల్లి చేయి పట్టుకుని పక్కకు తప్పుకుంది. బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుంది.

"చెప్పమ్మా. తొందరేం లేదు."

పళ్లాల చప్పుడు. ఫ్యాను గాలి. ఎవరివో నవ్వులు.

సుభద్రకు తిండి గురించి చెప్పాలని లేదు. ఆయన గురించి చెప్పాలని ఉంది. మాట ఎక్కడో, చాలా దూరంలో, బయలుదేరింది...

కూతురు ఫోన్ బోర్లించి పెట్టింది.

సుభద్ర పెదవులు కదిలాయి —