తాళం వెయ్యని బీరువా

డ్రైవింగ్ టీచరమ్మకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. నేర్చుకునేవాళ్ళ పక్క సీటులో కూర్చుని, వాళ్ళు చేయబోయే తప్పుని వాళ్ళకంటే ముందే పసిగట్టి, తన కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కడం ఆవిడ బతుకుతెరువు. అలాంటి మనిషి సోమవారం నుంచీ విశ్వవిద్యాలయం లైబ్రరీ మూడో అంతస్తులో, కిర్రుమనే కుర్చీలో కూర్చుని దేశ భద్రత గురించి చదువుతోంది. చదవడమంటే ఏముంది, ఒక పేజీ తిప్పడం, గోడ గడియారం చూడడం, బల్ల కింద లేని బ్రేకుని తొక్కడం. ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థి రెండుసార్లు తలెత్తి చూశాడు. మూడోసారి పుస్తకాలు ఎత్తుకుని వేరే బల్లకి వెళ్ళిపోయాడు.

ఆవిడ తొందరకి కారణం ఉంది. శుక్రవారం సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది.

ముప్పై ఏళ్ళ కిందట ఊరి ఉత్తర శివారులో ఉన్న మందుగుండు గిడ్డంగి పట్టపగలు పేలింది. పదకొండు మంది పోయారు. అక్కడ నిప్పునార్పే పంపుకి ఆపరేటరు టీచరమ్మ వాళ్ళ నాన్న. విచారణ జరిగింది. నివేదికకి సీలు వేసి దాచేశారు. బయటికి వచ్చింది ఒకే ఒక్క వాక్యం, పంపు ఆపరేటరు అశ్రద్ధ వల్ల మంటలు అదుపు తప్పాయని. ఆయన ఉద్యోగం ఊడింది. పోనీ, ఉద్యోగాలు పోతుంటాయి, వస్తుంటాయి. పదకొండు చావులు ఒక్క మనిషి నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నారు చూడండి, అది మాత్రం ఇన్నేళ్ళయినా దిగలేదు.

ఇప్పుడు పాత కేసులు తిరగదోడటానికి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. అర్జీ పెట్టుకోవచ్చు. షరతులు రెండు. అర్జీ మీద శిక్ష పడినవాడే సంతకం పెట్టాలి. జతచేసే సాక్ష్యాలన్నీ అచ్చయి అందరికీ దొరికేవై ఉండాలి. పొరపాటున రహస్య పత్రం ఏదైనా జతచేస్తే అర్జీ సంగతి తర్వాత, ముందు అర్జీదారు మీదే కేసు. అంటే రహస్యం తప్పని రుజువు చెయ్యాలి, రహస్యాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఈ నిబంధన రాసినవాడెవడో బండి ఎక్కకుండానే లైసెన్సు తెచ్చుకున్న బాపతని టీచరమ్మ అభిప్రాయం.

ఆ రోజు ఏం జరిగిందో నాన్న చెప్తే సగం పని అయిపోను. ఆయన చెప్పడు. ఉద్యోగంలోంచి తీసేసిన రోజున ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. లోపల జరిగింది బయట ఎవరికీ, భార్యాబిడ్డలకి సైతం, చెప్పనని. అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. గేటు దాటగానే దొరికినవాడికల్లా పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళూ వాళ్ళే. ఈయన మాత్రం మాటంటే మాటే అనుకున్నాడు.

వాళ్ళమ్మ ఒక్కసారి అడిగింది. "ఒక్క మాట చెప్పు. ఆ రోజు నువ్వు పంపు తిప్పావా, లేదా?" ఆయన తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ మొగుణ్ణి ఏదీ అడగలేదు. అసలు ఆయనతో మాట్లాడటమే మానేసింది. "మీ నాన్నని తినమను," "మీ నాన్న చొక్కా ఇలా పడెయ్యమను," అంతే. ఆ కబుర్లు మోసింది కూతురే. అలా పందొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, పదకొండేళ్ళ కిందట ఆవిడ పోయింది.

సరే, లైబ్రరీ సంగతికొస్తే, దేశ భద్రత అనే విషయం కింద రెండు బీరువాల నిండా పుస్తకాలున్నాయి. శత్రువు ఎటునుంచి వస్తాడు, వస్తే ఎన్ని ట్యాంకులు వేసుకుని వస్తాడు, రాకపోతే ఎందుకు రాలేదు, అన్నీ రాశారు. గిడ్డంగిలో నిప్పు పుడితే ఎవడు ఆర్పాలి, దేనితో ఆర్పాలి అన్న ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. సోమ, మంగళవారాలు రెండూ వాటికే నైవేద్యమయ్యాయి. ఈలోగా సెల్‌ఫోన్ కొట్టుకుంటూనే ఉంది, క్లాసు ఎప్పుడంటూ నేర్చుకునేవాళ్ళు.

మంగళవారం భోజనాల దగ్గర ఆవిడ ఇక ఉండబట్టలేక ఊహలు మొదలుపెట్టింది.

"ఆ రోజు కరెంటు పోయిందా నాన్నా?"

ఆయన ముద్ద కలుపుకున్నాడు.

"పంపు పాడయిందా? రిపేరులో ఉందా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"పోనీ ఈ ఫారం మీద సంతకమన్నా పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

"ఒకసారి పెట్టాను కదమ్మా, సంతకం," అన్నాడు ఆయన, నీళ్ళ గ్లాసు అందుకుంటూ. ఆ గొంతులో కోపం కూడా లేదు. ఉంటే పోట్లాడుకునైనా ఉండేవాళ్ళు.

బుధవారం ఆవిడకి నిశ్శబ్దం సారు తగిలాడు. ప్రభుత్వ ప్రచురణల విభాగం చూసే లైబ్రేరియన్ ఆయన. మైకు మింగినట్టు మాట్లాడతాడు కాబట్టి విద్యార్థులు పెట్టుకున్న పేరు అది.

"మూడు రోజులుగా చూస్తున్నానమ్మా, ఆ కుర్చీ మీ ధాటికి తట్టుకునేలా లేదు. ఏం కావాలి మీకు?" అన్నాడు హాలంతా వినపడేలా.

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. ఆయన గొంతు తగ్గించకుండానే విన్నాడు, అంటే మధ్యమధ్యలో "ఆఁ", "ఊఁ" అని గట్టిగా అంటూ.

"మీ నాన్నగారి పంపుకి ఏం కావాలి?"

"కరెంటు. నీళ్ళు."

"అవి గిడ్డంగిలోనే పుడతాయా?"

"లేదు సార్. ఊళ్ళోంచే."

"మరి మిలిటరీ పుస్తకాల మీద పడి కొట్టుకుంటారేంటి? చూడండమ్మా, ఎంత పెద్ద రహస్యమైనా దానికీ నీళ్ళు కావాలి, కరెంటు కావాలి, బూడిదైతే ఎత్తిపోసేవాడు కావాలి. రహస్యాన్ని దాచినవాళ్ళు వాళ్ళ బీరువాకి తాళం వేసుకుంటారు. నీళ్ళవాడికి తనదగ్గర రహస్యముందని ఎవడు చెప్తాడు? వాడు తన పని తాను చేసి, ఏడాది చివర గొప్పగా అచ్చేసుకుంటాడు. ఆ నివేదికలు ఇక్కడికి వస్తాయి. ఎవరూ తియ్యరు. దుమ్ము నేనే దులుపుతా."

ఆ సాయంత్రం ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పంపు తిప్పినా నీళ్ళు రాలేదా నాన్నా?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సగం భోజనం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. అన్నం పారేయడమంటే గిట్టని మనిషి. ముప్పై ఏళ్ళలో ఆయన ఇచ్చిన మొదటి జవాబు అది.

గురువారం తలుపులు తియ్యకముందే లైబ్రరీ మెట్ల మీద నిలబడింది. నిశ్శబ్దం సారు ఆ రోజు సెలవు. అయినా నీటి సరఫరా శాఖ వార్షిక నివేదికలు ఏ అరలో ఉన్నాయో నిన్ననే చూపించాడు. పుస్తకం వీపు మీద పేలుడు జరిగిన సంవత్సరం వేసి ఉన్న సంపుటం లాగింది. నాలుగువందల పేజీలు. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి, చివరి నుంచి మొదటిదాకా ఇంకోసారి చూసింది. ఊళ్ళో ఏ వీధిలో ఏ గొట్టం పగిలిందో, ఏ ట్యాంకులో ఎన్ని కప్పలు దొరికాయో అన్నీ ఉన్నాయి. ఉత్తర శివారు ఊసే లేదు.

ఇంటికి వచ్చి చెప్పుల్ని ఒక మూలకి విసిరేసింది. నాన్న వరండాలోంచి చూశాడు.

"ఎందుకమ్మా ఇంత పాకులాట? నాకోసమైతే వద్దు."

"నీకోసం కాక ఇంకెవరికోసం?" ఆవిడ గొంతు పైకి లేచింది. "నోరు విప్పవు, సంతకం పెట్టవు! నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరగాలి. స్కూల్లో నన్ను ఏమని పిలిచేవాళ్ళో తెలుసా నీకు?"

ఆయనకి తెలుసు. తెలుసు కనకే లోపలికి వెళ్ళిపోయాడు. అరిచినందుకు ఆవిడకి తర్వాత సిగ్గేసింది, కానీ వెళ్ళి క్షమించమనడానికి అభిమానం అడ్డొచ్చింది.

శుక్రవారం పొద్దున్న లైబ్రరీ కార్డు తిరిగి ఇచ్చేసి పోదామనే వెళ్ళింది. నిశ్శబ్దం సారు ఎదురొచ్చాడు.

"దొరికిందా?"

"లేదు సార్. ఆ ఏడాది పుస్తకం మొత్తం చూశాను."

"ఏ ఏడాది తీశారు?"

ఆవిడ చెప్పింది. ఆయన నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, నాదే తప్పు, చెప్పలేదు! పుస్తకం వీపు మీద ఉండేది అచ్చేసిన సంవత్సరమమ్మా. లోపలుండేది అంతకుముందు ఏడాది సంగతులు. మీకు కావలసింది దాని పక్కది!"

ఇద్దరూ అర దగ్గరికి దాదాపు పరుగెత్తారు. పక్క సంపుటం తీసి బల్ల మీద పడేస్తే దుమ్ము లేచింది. రెండువందల పన్నెండో పేజీలో ప్రధాన గొట్టాల మరమ్మతుల పట్టిక ఉంది. ఆవిడ వేలు కిందికి జారి ఆరో వరుస దగ్గర ఆగింది. ఉత్తర శివారు, ప్రభుత్వ గిడ్డంగుల మార్గం, పాత గొట్టం తీసి కొత్తది వేయుట, సరఫరా నిలుపుదల తొమ్మిదో తేదీ నుండి పదిహేడో తేదీ వరకు. పేలుడు జరిగింది పద్నాలుగున. పట్టిక కింద చిన్న అక్షరాల్లో మరో వాక్యం: గిడ్డంగుల అధికారులకు ఈ విషయము ముందుగా లిఖితపూర్వకముగా తెలియజేయడమైనది.

"చదవండి సార్, నాకు కళ్ళు కనపడటం లేదు," అంది టీచరమ్మ.

నిశ్శబ్దం సారు చదివాడు. ఆ విభాగంలో పాతికేళ్ళ సర్వీసులో ఆయన గుసగుసగా మాట్లాడింది అప్పుడే.

రెండు జిరాక్సులు తీసి, లైబ్రరీ ముద్ర వేసి, సంతకం చేసి ఇచ్చాడు. పుస్తకం మూసేముందు చివరి అట్ట తిప్పి చూశాడు. పుస్తకం ఎవరైనా తీసుకెళ్ళినప్పుడల్లా తేదీ ముద్ర వేసే చీటీ ఉంటుంది అక్కడ. ఖాళీగా ఉంది.

ఆవిడ ఇంటికి చేరేసరికి ఒంటిగంట. నాన్న కుర్చీలో ఉన్నాడు. కాగితం చేతికిచ్చింది. ఆయన చదివాడు. చిన్న అక్షరాలు మళ్ళీ చదివాడు.

"ఇది ఎక్కడిది?"

"యూనివర్సిటీ లైబ్రరీలో. నీళ్ళ శాఖ పుస్తకంలో."

"తాళం పగలగొట్టారా?"

"తాళమే లేదు నాన్నా. తెరిచిన అరలో ఉంది. కార్డు ఉన్నవాళ్ళెవరైనా ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు."

"ఎప్పట్నుంచి?"

"పేలిన మరుసటి ఏడాది నుంచీ."

ఆయన కాగితాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "గిడ్డంగికి నీళ్ళు లేవని బయటికి పొక్కితే దేశానికే ముప్పన్నారు," అన్నాడు నెమ్మదిగా. "శత్రువు చెవిన పడితే ఇంకో పది గిడ్డంగులు పోతాయన్నారు. ఆ నీళ్ళవాళ్ళ ఉత్తరం నేను చూశాను. ట్యాంకరు తెప్పించమని ముగ్గురు ఆఫీసర్ల చుట్టూ తిరిగాను. పంపు తిప్పుతూనే ఉన్నానమ్మా. గాలి వచ్చింది."

కూతురు ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన మాత్రం ఏడవలేదు. ఫారం అడిగి తీసుకుని, ఎక్కడ పెట్టాలో చూపించమని, సంతకం పెట్టాడు.

సంఘం ఆఫీసు చేరేసరికి మూడున్నర. మెట్లు ఎక్కలేనని ఆయన కారులోనే ఉండిపోయాడు. కౌంటరు గుమాస్తా అర్జీ కంటే ముందు జిరాక్సు చదివాడు.

"ఇది అచ్చులోనే ఉందాండీ? ఇన్నేళ్ళూ?"

"ఉంది."

"అయితే వాళ్ళు కాదనడానికి ఏముంటుంది? దీనికి పెద్ద విచారణ కూడా అక్కర్లేదేమో," అని ముద్ర కొట్టి రశీదు ఇచ్చాడు.

టీచరమ్మ రెండేసి మెట్లు దిగుతూ వచ్చి కారు తలుపు తీసింది. "తీసుకున్నారు నాన్నా! ఒక్క ప్రశ్న వెయ్యలేదు. గుమాస్తా ఏమన్నాడో తెలుసా, గెలిచినట్టేనట. సాయంత్రం అందరికీ ఫోన్లు చేస్తాను, ముందు పెదనాన్న వాళ్ళకి, ఒక్కొక్కరి నోరు మూయిస్తాను," అంటూ రశీదు ఆయన ముందు పెట్టింది.

ఆయన రశీదు వంక చూడలేదు. రెండో జిరాక్సు కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ముడతలు పోయేలా దాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో మెల్లగా నిమురుతున్నాడు.

"అయితే," అన్నాడు, "మీ అమ్మకి చెప్పుండొచ్చన్నమాట."