ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఎడమ

కారు వెనక ఎడమవైపు లైటు ఆరిపోయిందని మా ఆయనకి చెప్పింది ట్రాఫిక్ పోలీసు. నిజానికి చెప్పాల్సింది నేను. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి ఆయన బయల్దేరుతుంటే గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని నేనే. పది రోజులుగా ఆ లైటు ఒకనాడు వెలుగుతూ ఒకనాడు వెలగకుండా ఉంది. ఏదో చెమ్మ చేరి ఉంటుందిలే, ఎండ కాస్తే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. పక్కింట్లో గిన్నె పడితే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచే మనిషిని, దీన్ని ఎలా వదిలేశానో నాకే తెలియదు.

మా ఆయన కేకుల మీద క్రీముతో పేర్లు రాస్తారు, పువ్వులు వేస్తారు. బేకరీ పక్క ఊళ్ళో ఉంది, ముప్పై కిలోమీటర్లు. చలికాలం ఆ దారంతా పొగమంచే. ఆ వేళకి రోడ్డు మీద తిరిగేవి లారీలు, పాలవ్యాన్లు.

మెకానిక్ లైటు చూసి పెదవి విరిచాడు. "ఇది బల్బు మార్చే రకం కాదమ్మా, ఎల్ఈడీ. అద్దం, డబ్బా కలిపి అతికించేసి ఉంటాయి. మొత్తం కొత్తది తెప్పించాలి. పన్నెండు రోజులు పడుతుంది."

"పన్నెండు రోజులేగా," అన్నారు మా ఆయన ఇంటికొచ్చాక. "రేపట్నుంచి ఓవెన్ మాస్టర్ బండి వెనకాల కూర్చుని వెళ్ళిపోతా."

ఓవెన్ మాస్టర్ మోటార్‌సైకిల్ నేను చూశాను. హారన్ తప్ప అన్నీ మోగే బండి. దాని ముందు లైటు రోడ్డుని వదిలేసి చెట్ల కొమ్మల్ని వెతుకుతూ పోతుంది. పైగా ఆ పెద్దాయన కళ్ళజోడు ఒకవైపు పగిలి ఏడాదైంది. ఆ బండి, ఆ పొగమంచు, ఆ లారీలు అన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందుకి వచ్చాయి.

"లైటు నేను బాగుచేస్తాను," అన్నాను. మాట బయటికి వచ్చేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

బఠానీలు ఒలుస్తున్న అత్తయ్య తలెత్తారు. "నువ్వా? మొన్న మిక్సీ ఆగిపోతే అరగంట ఏడ్చావు కదే!"

"మిక్సీకి ఏడవలేదు అత్తయ్యా. ఆ రోజు పిడుగుకి జ్వరం."

"జ్వరం దానికొస్తే ఏడుపు నీకొచ్చింది. నేననేదీ అదే."

పిడుగు అంటే మా మూడేళ్ళ కూతురు. నిద్రపోయినప్పుడు తప్ప ఆ పేరుకి మచ్చ తెచ్చే పని ఎప్పుడూ చేయలేదు.

ఆ రోజు బేకరీకి సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిడుగు పడుకుంది. మహా అయితే రెండు గంటలు. అటక మీద నుంచి నాన్న రేకుపెట్టె దింపించాను. మూత తీయగానే టంకానికి వాడే గుగ్గిలం వాసన. నాలుగేళ్ళుగా మూసిపెట్టిన పెట్టెలోంచి మా పాత ముందుగది మొత్తం లేచి వచ్చి ముఖానికి కొట్టినట్టయింది.

మా నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే షాపు. కిటికీకి వీపు పెట్టి ఆయన కూర్చుంటే, వెనకనుంచి వచ్చే వెలుతురు బల్ల మీద పడేది. గోడ పొడవునా అరల్లో పొట్టలు విప్పిన రేడియోలు ఉండేవి. వాటిలో సగం ఎవరివో నాన్నకీ గుర్తుండేది కాదు. "అడగడానికి వస్తే అప్పుడే తెలుస్తుందిలే," అనేవాడు. సాయంత్రం పూట ఏదో ఒకటి ఉన్నట్టుండి పలికేది. పాట మధ్యలోనో, వార్తల మధ్యలోనో. అమ్మ లోపల కుట్టుమిషన్ ఆపి, "ఈసారి ఎవరు బతికారు?" అని అడిగేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న కళ్ళు మసకబారాయి. పెద్ద వస్తువులు కనిపించేవి. బియ్యపుగింజంత ముక్కలు, వాటి కాళ్ళు కనిపించేవి కావు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, రాయిలా కదలకుండా. "ఒక్క ఏడాది, అమ్మడూ. పట్టుకున్న పనులు అయ్యేదాకా నా కళ్ళు నువ్వే," అన్నాడు. లెక్కల టీచరు రెండుసార్లు ఇంటికొచ్చి నన్ను మళ్ళీ బడికి పంపమని అడిగి వెళ్ళారు. ఆ ఒక్క ఏడాది ఆరేళ్ళు సాగింది.

బల్లకి ఇటువైపు నేను, అటువైపు నాన్న. నేను చూసి చెప్పేదాన్ని, ఆయన చేసేవాడు. "కొంచెం ఎడమకి నాన్నా. ఇంకాస్త. ఆ, అదే, ఆనించు." మొదట్లో నా ఎడమ చెప్పి, ఆయన చేత తప్పు చోట టంకం పెట్టించేదాన్ని. నాన్న విసుక్కోలేదు. "ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఎడమ చెప్పడం నేర్చుకో తల్లీ. లోకంలో సగం తగువులు తగ్గుతాయి," అన్నాడు. నేర్చుకున్నాను. ఎంతగా నేర్చుకున్నానంటే, బల్ల మీద ఏ వస్తువు చూసినా అవతలి మనిషి కళ్ళతోనే చూడడం అలవాటైపోయింది.

రేడియో తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు, "చూపు తగ్గిందన్నారు, ఎలా చేశారండీ?" అని అడిగితే నాన్న నన్ను చూపించేవాడు. "చేతులు నా దగ్గరే ఉన్నాయి. కళ్ళే, ఇదుగో, రెండు జడలు వేసుకుని ఇక్కడ కూర్చున్నాయి."

సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. "రేపు బడికెళ్ళి పెన్ను పట్టుకోవాల్సిన చేతులు కాల్చుకుంటావా?" అనేవాడు. ఆరో ఏడు కూడా అదే మాట. ఆ మాటకి నాకు కోపం వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు మాత్రం ఆ మాట వినడానికైనా ఆ బల్ల ముందు ఒక్క పూట కూర్చోవాలనిపిస్తుంది.

మా ఆయన డిక్కీ తెరిచి, లోపలివైపు ఉన్న రెండు నట్లు విప్పి, లైటుని బయటికి లాగి తెచ్చారు. వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచాను. ఒక అట్టముక్క మీద లైటు బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చాను. అది నాన్న పద్ధతి. తర్వాత అద్దం అంచు చుట్టూ హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి పట్టాను, లోపలి జిగురు మెత్తబడాలని.

అత్తయ్య గుమ్మంలో నిలబడ్డారు. "ఏమే, తలంటు పోశావా దానికి?"

"జలుబు చేసింది అత్తయ్యా. లోపల నీళ్ళు."

"అయితే ఆవిరి పట్టు. మా వాడికి పట్టడానికి బద్ధకిస్తావు గానీ..."

జిగురు లొంగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గరిటె కాడతో మెల్లగా ఎత్తితే అద్దం విడివడింది. లోపల చిన్న పలక మీద వరసగా ఎల్ఈడీ గింజలు. పలక ఒక మూల నీళ్ళ మరక, పచ్చటి చిలుము. నాన్న పాత పన్నెండు వోల్టుల అడాప్టర్ తగిలించాను. ఒక్కటీ వెలగలేదు.

మా ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "గింజలన్నీ చచ్చాయి."

"అన్నీ ఒకేసారి చావవండీ. ఎక్కడో దారి తెగింది."

అగ్గిపుల్ల వెనక కొసతో పలక మీద ఒక్కో అతుకునీ నొక్కుతూ వెళ్ళాను. ఇదీ నాన్న పద్ధతే. తీగలు లోపలికి వచ్చే చోట ఒక సన్నటి లోహపు కాలు మీద నొక్కగానే గింజలన్నీ ఎర్రగా మెరిశాయి. పుల్ల ఎత్తితే ఆరిపోయాయి. వంగి చూస్తే ఆ కాలి చుట్టూ టంకంలో వెంట్రుకంత పగులు. కనుక్కున్నాను. చూడడం నాకు వచ్చు.

ఐరన్ వేడెక్కింది. చేత్తో పట్టుకున్నాను. కొస వణికింది. రెండో చెయ్యి కింద పెట్టి ఆనించుకున్నాను, ఇంకా వణికింది. ఆ పగిలిన కాలికి ఒకవైపు ఖాళీ జాగా ఉంది. రెండోవైపు, గోరు పట్టేంత దూరంలో, బ్రేకు తాలూకు కాలు ఉంది. ఈ చేత్తో పెడితే పలకంతా టంకం పులుముకుపోతుంది.

"ఇలా ఇవ్వు," అన్నారు మా ఆయన. "అరంగుళం కేకు మీద అయిదక్షరాల పేరు రాస్తాను నేను. నువ్వు ఎక్కడో చెప్పు, చాలు."

క్రీము గొట్టం పట్టుకున్నట్టే పట్టుకున్నారు. కొస గాల్లో నిలబడిపోయింది, కదల్లేదు. నాన్న చేతిలో కూడా అలాగే నిలబడేది.

"ఎడమవైపు నుంచి రండి. ఆ కాలికి ఆనించి, టంకం తీగ తాకించండి."

ఆయన వెళ్ళారు. తీగ కరిగింది. అలవాటుకొద్దీ కాస్త ఎక్కువే దించారు. గుండ్రంగా, నిగనిగలాడుతూ ముద్ద కూర్చుంది. గుగ్గిలం పొగ పైకి లేచింది.

"పువ్వు వేయమంటావా పైన?"

"వద్దు గానీ, తగిలించండి."

అడాప్టర్ తగిలించగానే లైటు భగ్గుమంది. వంటింటి గోడ, గిన్నెలు, అత్తయ్య ముఖం అన్నీ ఎర్రబడ్డాయి. "అబ్బో!" అన్నారు అత్తయ్య. "కొత్తప్పుడు కూడా ఇంత వెలగలేదురా ఇది. కోడలా, మిక్సీ కూడా చూడవే!"

నేను నవ్వబోయి ఆగిపోయాను. నిజమే, కొత్తప్పుడు ఇంత వెలగలేదు. ఊరికే వెనకవాళ్ళకి కనపడడానికి వెలిగే ఎరుపు సన్నగా ఉంటుంది. ఇది బ్రేకు తొక్కినప్పటి ఎరుపు.

రెండో తీగని బ్రేకు కాలికి తాకించి చూశాను. ఏమీ మారలేదు. అంతే వెలుగు. ముద్ద దగ్గరికి వంగాను. అది రెండు కాళ్ళనీ కలిపి కూర్చుంది. ఈయన ఖాళీ జాగా వైపు నుంచి రాలేదు, బ్రేకు కాలి వైపు నుంచి వచ్చారు.

"ఎడమ అన్నాను కదండీ!"

"ఎడమవైపు నుంచే వచ్చాను. ఇది నా ఎడమ చెయ్యి, ఇది నీ ఎడమ చెయ్యి. కావాలంటే మా అమ్మని అడుగు."

తప్పు నాదే. పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరి ఎడమా ఒకటే. నేను మాత్రం బల్లకి అవతల కూర్చున్న మనిషి ఎడమ చెప్పాను. అక్కడ ఎవరూ లేరు.

"పోనీలే, వెలుగుతోంది కదా," అన్నారు మా ఆయన. ఐరన్ పక్కన పెట్టేశారు. "అద్దం అతికించేద్దాం. పిల్ల లేచే వేళైంది."

"వద్దు."

"వెలుగు ఎక్కువైతే మంచిదేగా పొగమంచులో?"

"ఎప్పుడూ ఇలాగే వెలిగితే, మీరు బ్రేకు తొక్కారని వెనకాల లారీవాడికి ఎలా తెలుస్తుంది? చీకటిగా ఉంటే అనుమానంతోనైనా దూరంగా ఉంటాడు. ఇది చూసి అలవాటుపడి మీదికే వస్తాడు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆరిపోయిన లైటు కంటే ఇది చెడ్డదండీ. ఇలా అతికిస్తే నేను కారు తాళాలు ఇవ్వను. మాస్టర్ బండి మీదా వెళ్ళనివ్వను. కేకులు పేర్లు లేకుండానే తింటారు జనం."

ఆయన నా ముఖంలోకి చూశారు. నేను భయపడి మాట్లాడడం ఆయనకి అలవాటే. పిల్ల దగ్గితే, ఫోన్ ఆలస్యమైతే, ఉరిమితే. దానికి "ఊఁ" అనడమూ అలవాటే. ఈసారి "ఊఁ" అనలేదు.

"ఏం చేద్దామంటావు?"

నేను లేచి బల్ల చుట్టూ తిరిగి అవతలివైపు, ఆయనకి ఎదురుగా కూర్చుని, పలకని నావైపు తిప్పుకున్నాను. ఆయన వెనక కిటికీ. వెలుతురు బల్ల మీద పడుతోంది. మా పాత ముందుగదిలో కూర్చున్నట్టు ఆ వెలుతురునే చూస్తూ ఉండిపోయాను.

"ఏమైందే?"

"ఏం లేదు. కొంచెం కుడికి వంగండి, నీడ పడుతోంది."

పాత తీగ ఒకటి ఒలిచి, లోపలి రాగి పోగుల్ని చదును చేసి ముద్ద మీద పరిచాను. "దీని మీద ఐరన్ ఆనించండి. నొక్కద్దు. లెక్కపెట్టండి." ఆయన అయిదు లెక్కపెట్టారు. టంకం పోగుల్లోకి పాకింది, నీళ్ళు గుడ్డలోకి పాకినట్టు. పోగులు ఎత్తితే రెండు కాళ్ళూ విడివిడిగా కనిపించాయి.

"ఇప్పుడు మీ ఎడమ. ఇంకాస్త. మీ ఎడమే. ఆ, అదే. ఆనించండి. ఒక్క చుక్క చాలు, క్రీము కాదు. ఎత్తేయండి."

ఊపిరి బిగబట్టుకుని నేను, నాలుక కొస కొరుక్కుంటూ ఆయన. చుక్క కాలి చుట్టూ చిన్న కొండలా సర్దుకుంది. మొదటి తీగ తగిలిస్తే సన్నటి ఎరుపు. రెండోది తగిలిస్తే పెద్ద ఎరుపు. తీస్తే మళ్ళీ సన్నగా. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

"చాల్లేవే, దానికి కళ్ళు తిరుగుతాయి," అన్నారు అత్తయ్య.

ఈలోగా పిడుగు లేచి వచ్చి, అట్టముక్క మీది మరలన్నీ పీకి, గుప్పెట్లో పట్టుకుని నిలబడింది. దాని ఏడుపు, నా బుజ్జగింపు, ఆయన లెక్కింపు అయ్యేసరికి సాయంత్రమైంది. అద్దం చుట్టూ కొత్త జిగురు పూసి, బకెట్టు నీళ్ళు కుమ్మరించి చూశాం. లోపలికి చుక్క కూడా దిగలేదు.

మర్నాడు నాలుగున్నరకి ఆయన కారులోనే వెళ్ళారు. సందు చివర మలుపు దగ్గర రెండు లైట్లూ ఒక్కసారి పెద్దవై, మళ్ళీ చిన్నవై పక్కకి తిరిగాయి. పొగమంచు అంతా ఎర్రగా అయి తెల్లబడింది. లోపలికొచ్చి పిడుగు పక్కన నడుం వాల్చాను.

అత్తయ్య భుజం పట్టి ఊపుతుంటే మెలకువ వచ్చింది. బారెడు పొద్దెక్కింది. "నీ ఫోను నాలుగుసార్లు మోగిందట. వాడు హడలిపోయి నాకు చేశాడు. మాట్లాడు," అని తన ఫోను నా చెవి దగ్గర పెట్టారు.

"ఏమైందే? ఎందుకెత్తలేదు? పిల్ల బాగానే ఉందా?" మా ఆయన గొంతు వణుకుతోంది. ఆ గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి.

"నిద్ర పట్టేసిందండీ."

"నిద్రా? నీకా?"

వెనకాల ఎవరో ట్రేలు లాగుతున్న చప్పుడు.

"సరే, పడుకో."

"లేచాను కదండీ ఇప్పుడు."

"అయినా సరే, ఇంకాసేపు పడుకో," అన్నారు.