కోడలి వెంట వచ్చే వాన

తెల్లారగానే పాలు పితికి, క్యాన్లకు మూతలు బిగించి, తోపుడుబండి మీద పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ కిందికి దిగడం ఆ ఇంట్లో రోజూ ఉండే పని. ఇల్లూ పశువుల కొట్టమూ కొండ వాలు మీద ఉన్నాయి, రోడ్డేమో అడుగున ఉంది. ఒకప్పుడు పాల వ్యాను కొట్టం దాకా వచ్చేది. వానలకు బాట కోసుకుపోయి, చక్రాల గాడులు మోకాలి లోతున దిగాక, డ్రైవరు కిందనుంచే హారన్ కొట్టి ఊరుకుంటున్నాడు.

మబ్బు పట్టిందంటే మాత్రం భర్త ఒక్కడే దిగాలి. అత్తగారు కోడల్ని లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టేస్తుంది. కారణం అందరికీ తెలిసిందే. వాననీళ్ళు ఆ కోడలి వెంట వస్తాయి. పుట్టినప్పటినుంచీ అంతే. ఆవు వెనకాల దూడలా, ఆమె ఎటు నడిస్తే అటు వస్తాయి, ఆగితే కాళ్ళ దగ్గర ఆగుతాయి. సంబంధం మాట్లాడేటప్పుడే పుట్టింటివాళ్ళు దాచకుండా చెప్పారు. "వచ్చేది నీళ్ళే కదా, పోలీసులు కాదు కదా" అని, అప్పటికి బతికున్న మామగారు నవ్వేశాడు.

కాపురానికొచ్చిన మొదటి వానాకాలం, ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని ఆమె పరుగున బయటికెళ్ళింది. బట్టలు లాక్కుని, దగ్గర్లో ఉందని గడ్డి కొట్టంలోకి దూరింది. వాలు మీది నీళ్ళన్నీ ఆమె వెనకే దూరాయి. ఏడాదికి సరిపడా గడ్డి కుళ్ళిపోయింది. అత్తగారు తిట్టలేదు. గడియ పెట్టడం మాత్రం ఎప్పుడూ మరచిపోలేదు. ఆ రోజునుంచి కోడలికి వాన అంటే తలుపు అవతల చప్పుడే.

ఈ ఏడు వానల మొదట్లో బండి చక్రం గాడిలో పడి తిరగబడింది. పాలు మట్టిపాలయ్యాయి, భర్త మణికట్టు విరిగింది.

"ఇంక మనవల్ల కాదు, ఆవుల్ని అమ్మేద్దాం" అంది అత్తగారు. అన్నాక చాలాసేపు కొట్టంలోనే కూర్చుంది. మర్నాడు బేరగాడికి కబురు వెళ్ళింది. పై వారం లారీ తెస్తానన్నాడు.

కోడలు ఊరుకోలేదు. మేస్త్రిని పిలిపించి బాట చూపించింది. అతను గాడిలో దిగి అటూ ఇటూ నడిచాడు.

"దీన్ని రాళ్ళతో పూడిస్తే వాన రాళ్ళతో సహా పట్టుకుపోతుందమ్మా. బాటకి అడ్డంగా, కాస్త ఏటవాలుగా కాలువలు పెట్టాలి. నీళ్ళు జోరందుకోకముందే పక్క గడ్డిలోకి దింపేయాలి. ఎక్కడెక్కడ పెట్టాలో మాత్రం వానలో చూస్తేగానీ చెప్పలేను."

"నేను నడిచి చూపిస్తా" అంది కోడలు.

అత్తగారు చేతిలో పని ఆపింది. "మళ్ళీనా?"

"ఈసారి గడ్డి కొట్టం వైపు రాను అత్తయ్యా. బాట పక్క పచ్చగడ్డిలోకి వెళ్తాను."

అత్తగారు కొడుకు చేతికున్న కట్టు వంక చూసింది. "చిన్న జల్లైతే వెళ్ళు. పెద్దదైతే వచ్చెయ్యి."

మర్నాడు జల్లు పడింది. కోడలు బాటకి అడ్డంగా నడిచింది. వెనకే వచ్చిన నీళ్ళు కదలకుండా మడుగు కట్టాయి.

"బురద పేరుకుంటుంది. కాస్త వాలుగా నడమ్మా" అన్నాడు మేస్త్రి.

వాలుగా నడిచింది. నీళ్ళు పరిగెత్తి మట్టిని కోశాయి.

"అంత వద్దు. మధ్యస్థంగా."

మూడోసారి నీళ్ళు తొందరపడకుండా, ఆగకుండా, ఆమె వెంట గడ్డిలోకి దిగిపోయాయి. ఆ జాడ వెంబడే మేస్త్రి మేకులు దిగ్గొట్టాడు. బాట నిటారుగా దిగే చోట దగ్గరదగ్గరగా, వాలు తగ్గిన చోట దూరదూరంగా నడుచుకుంటూ ఆమె కింది రోడ్డు దాకా వెళ్ళింది.

తర్వాత రోజుల్లో తవ్వకం. కాలువకి రెండు వైపులా గట్టి చెక్కలు నిలబెట్టారు, ఆవు గిట్ట ఇరుక్కోకుండా సందు ఇరుగ్గా ఉంచారు. నీళ్ళు పడేచోట రాళ్ళు పరిచారు. కొట్టం ముందు కాలువ మీద ఇనుప జాలీ వేశారు. భర్త ఒంటిచేత్తో తాడు పట్టుకుని, "చెయ్యి విరిగితే నాకు మేస్త్రి పని వచ్చింది" అని నవ్వించాడు. చివర్న గాడులు పూడ్చి గట్టిగా దిమ్మిస కొట్టారు.

బేరగాడు రావాల్సిన రోజు ఉదయాన్నే ఆకాశం విరిగి మీద పడ్డట్టు వాన కురిసింది. అత్తగారు అలవాటుగా గడియ పెట్టింది. కోడలు కిటికీలోంచి చూస్తోంది. కొట్టుకొచ్చిన ఆకులు పై కాలువలో అడ్డం పడ్డాయి. నీళ్ళు ఆ కాలువని దాటి బాట మీదికి దూకాయి. కొత్తగా పూడ్చిన మట్టి ఎర్రగా కరగడం మొదలైంది.

ఆమె పార తీసుకుంది. గడియ తనే తీసింది. అత్తగారు పక్కకి జరిగి దారిచ్చింది.

కోడలు ఆకులు తోడి పారేసి, కాలువ వెంబడే గడ్డిలోకి నడిచింది. బాట మీదికి దూకిన నీళ్ళు ఆగి, వెనక్కి మళ్ళి, ఆమె వెంట వెళ్ళాయి. రెండో కాలువ, మూడోది, ఆ కిందిది. ప్రతి దాని దగ్గరా ఆమె పక్కకి తిరిగింది, నీళ్ళూ తిరిగాయి. కాసేపటికి ఆమె ఊరికే నిలబడినా అవి దారి తప్పలేదు.

అంత వానలోనూ లారీ వచ్చింది. ఎక్కడా ఆగకుండా కొట్టం ముందుకొచ్చి నిలబడింది.

"బాట పాడైందన్నారు, నున్నగా ఎక్కేసిందే" అన్నాడు బేరగాడు దిగుతూ.

"చక్రం జారలేదా?" అడిగింది అత్తగారు.

"ఎక్కడా జారలేదు."

"బరువుతో దిగగలదా?"

"భేషుగ్గా దిగుతుంది. ఆవుల్ని ఎక్కిద్దామా మరి?"

"నీ లారీ ఎక్కిదిగే బాటన పాల వ్యాను రాకేం నాయనా? ఇంక అమ్మడం దేనికి? లోపలికొచ్చి టీ తాగి వెళ్ళు."

బేరగాడు లారీ వంకా బాట వంకా చూసి, తన నోటితో తనే బేరం చెడగొట్టుకున్నానని నవ్వేశాడు.

కోడలు తడిసి ముద్దై వాకిట్లోకి రాబోయి, గడ్డి కొట్టాన్ని చూసి వెనక్కి తగ్గింది.

"లోపలికి రానా అత్తయ్యా?"

"అప్పుడే ఎందుకు?" అంది అత్తగారు. "ఇంటి పైనున్న మలుపు దగ్గర్నుంచి వానలో ఈ కొండంతా కనిపిస్తుంది. నువ్వెప్పుడూ చూళ్ళేదుగా. వెళ్ళి చూసిరా."

కోడలు పార గోడకి ఆనించి పైకి నడిచింది. చుట్టూ పడుతున్న నీళ్ళు ఆమె వెంట వాలు ఎక్కుతూ వచ్చాయి, కాలువల్లోవి మాత్రం తమ దారినే పోయాయి. పై మలుపులో ఆమె ఆగి కిందికి చూసింది. బాటకి ఎడమవైపు పొడుగునా, ఒక్కో కాలువ మూతి దగ్గర ఒక్కో తెల్లటి ధార గడ్డిలోకి దూకుతోంది. నడుమ బాట గట్టిగా, ఖాళీగా ఉంది. తన కొండ వానలో ఇలా ఉంటుందని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు. వాన వెలిసేదాకా ఆమె అక్కడే నిలబడింది. తలుపు ఎవరూ వెయ్యలేదు.