తలుపుకి ఇవతల

టైలరమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చినవాళ్ళకి పిల్లల పెంపకం మీద నాలుగు సలహాలు కూడా కట్టబెట్టి పంపేది. అలాంటి మనిషి సొంత కూతురి విషయానికొచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

కూతురికి పద్నాలుగేళ్ళు. చిన్నప్పుడు రోజంతా ఏదో ఒకటి వాగుతూ ఉండేదని ‘పిచ్చుక’ అని ముద్దుపేరు పెట్టారు. ఇప్పుడా పిచ్చుక నోరు విప్పదు. స్కూలు గేటు దాకా వెళ్తుంది, ఊపిరాడటం లేదని వగరుస్తూ వెనక్కి వచ్చేస్తుంది. ఆసుపత్రిలో గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూసి భేషుగ్గా ఉన్నాయన్నారు. చివరికి స్కూలువాళ్ళే, వీడియో కాల్‌లో పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్ ఒకావిడ ఉందని చెప్పి కలిపారు. తండ్రి లారీ తోలుకుంటూ ఏ ఊళ్ళో ఉన్నాడో ఏమో, ఫోనులో “నువ్వే చూసుకో” అన్నాడు. ఆయనకేం, అంటాడు!

మొదటిరోజు కౌన్సెలర్ ముందుగా తల్లితోనే మాట్లాడింది.

“పాపకి ఏదైనా ప్రమాదం అనిపిస్తే మీకు తప్పకుండా చెప్తానండీ. మిగతావన్నీ మా ఇద్దరి మధ్యే ఉంటాయి. తను మాట్లాడేటప్పుడు ఎవరూ వినకూడదు. ఇంట్లో అలాంటి చోటు ఉందా?”

ఎక్కడినుంచి వస్తుంది? ముందుగది కుట్టుపనికి, వెనకగది పడకకి. రెండింటికీ మధ్య ఒక ప్లైవుడ్ తలుపు. ఇటు ఆవలిస్తే అటువాళ్ళకి నిద్రొస్తుంది. పోనీ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవే అంటే పిచ్చుక ససేమిరా అంది. ఉపాయం కూడా తనే చెప్పింది.

“నేను మాట్లాడుతున్నంతసేపూ నువ్వు మిషను తొక్కుతూ ఉండు. ఆపకూడదు.”

“ఆ చప్పుడులో నాకేం వినపడదనా? సరే తల్లీ, ఆపితే ఒట్టు!”

అలా ప్రతి శనివారం అక్కడ తలుపు మూసుకునేది, ఇక్కడ మిషను మొదలయ్యేది. మెల్లగా పిల్లలో మార్పు వచ్చింది. నలుగురితో కలిసి భోజనానికి కూర్చుంటోంది. నానమ్మతో పేచీలు పెట్టుకుంటోంది. ఒకరోజు వీధి చివరిదాకా ఒక్కతే వెళ్ళొచ్చింది కూడా. టైలరమ్మ సంతోషించింది. ఎందుకు సంతోషించదు? కానీ కడుపులో ఓ మూల మంట కూడా మొదలైంది. నవమాసాలు మోసింది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేను. ఎవరో ఫోనులో మనిషికి చెప్పుకునే మాట నాకెందుకు చెప్పదు? నామీద ఏం చాడీలు చెప్తోందో!

ఆ మంటలో అత్తగారు ఆజ్యం పోసింది. ఆవిడకి వినికిడి తక్కువే గానీ, ఆరాలు మాత్రం ఎక్కువ. “ఏమిటే అంత రహస్యం? మనమేదో పిల్లని కాల్చుకు తింటున్నామని చెప్తోందేమో!” అంది.

దాంతో ఆ శనివారం టైలరమ్మ ఆగలేకపోయింది. తలుపు మూసుకోగానే అత్తగారికి సైగ చేసి, స్టూలు మీద తన చోట కూర్చోబెట్టింది. ఒకప్పుడు తానూ కుట్టిన మనిషే కదా, ఆవిడ ఒక పాత గుడ్డముక్క సూది కింద పెట్టుకుని ఉత్సాహంగా తొక్కడం మొదలెట్టింది. టైలరమ్మ చెప్పులు విప్పి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి తలుపుకి చెవి ఆనించింది. సిగ్గేసింది. అయినా చెవి తియ్యలేదు.

“సరే, పోయినసారి అనుకున్నట్టే చేద్దాం,” అంటోంది కౌన్సెలర్. “నేనే మీ అమ్మననుకో. పిలిచి చెప్పు.”

“మా అమ్మ చెప్పనివ్వదు మేడమ్. మధ్యలోనే ‘ఛ, అవేం మాటలు’ అనేస్తుంది.”

“నేను అననుగా. ఊఁ, పిలువు.”

పిచ్చుక గొంతు సవరించుకుంది.

“అమ్మా!”

“ఏంట్రా?” అంది టైలరమ్మ.

పిలిస్తే పలకడం ఇన్నేళ్ళ అలవాటాయె. నాలిక కరుచుకునేలోపే మాట దాటిపోయింది. అత్తగారు మాత్రం లోకం పట్టనట్టు మిషను తొక్కుతూనే ఉంది.

“మేడమ్, అమ్మ తలుపు దగ్గరుంది.” అంది పిచ్చుక. “మరి మిషను తొక్కేదెవరు?”

“ఈ రోజుకి ఆపేద్దామా? నీ ఇష్టం. ఆపినా తప్పేం లేదు,” అంది కౌన్సెలర్.

టైలరమ్మ కంగారుపడింది. ఇప్పుడు ఆపేస్తే ఈ పిల్ల మళ్ళీ నోరు విప్పుతుందా? ఇంత కష్టపడి తెరుచుకున్న నోటిని చేతులారా మూసేశానే! ఏదో ఒకటి చెప్పి సర్దుకుందామని తలుపు మీద చెయ్యి వేసింది.

“తలుపు తియ్యకు!” లోపల్నుంచి పిచ్చుక అరిచింది. “అక్కడే ఉండు.”

టైలరమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగి అత్తగారికి చెయ్యి ఊపింది. మిషను ఆగింది.

“నువ్వు వింటావని కాదు నేను మిషను ఆపొద్దంది,” అంది పిచ్చుక. “అది ఆడుతుంటే నువ్వు బాగున్నావని తెలుస్తుంది. ఆ రోజు నేను స్కూలునుంచి వచ్చేసరికి చప్పుడు లేదు. నువ్వు నేలమీద పడున్నావు. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. స్కూల్లో కూర్చుంటే నాకు మిషను వినపడదు కదా! ఇప్పుడేమో ఇంట్లో ఉండి విన్నా, తొక్కేది నువ్వో కాదో తెలీదు. ఇంక నేను దేన్ని నమ్మాలమ్మా?”

పోయిన ఎండాకాలం సంగతి. మిషను దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది టైలరమ్మ. రక్తం బాగా తక్కువగా ఉందని డాక్టరు మందులు రాశాడు. ఆ తర్వాత ఎవరడిగినా “అబ్బే, నీరసం!” అని నవ్వేసేది. పిచ్చుక ఎప్పుడు ఆ మాట ఎత్తబోయినా “నాకేమవుతుందే, గుండ్రాయిలా ఉన్నాను” అని నోరు మూయించేది.

ఇప్పుడూ అదే మాట నాలిక చివరిదాకా వచ్చింది. టైలరమ్మ దాన్ని బలవంతాన మింగేసింది. ఏడుపొచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“తప్పు చేశాను,” అంది చివరికి. “నాకు చెప్పనిది ఆవిడకి చెప్తున్నావని కుళ్ళు పుట్టింది. అందుకే నానమ్మని కూర్చోబెట్టి వచ్చాను.”

టైలరమ్మ తలుపుకి నుదురు ఆనించింది.

“ఆ రోజు లేద్దామంటే కాళ్ళు రాలేదే. నువ్వొచ్చే వేళయిందని తెలుస్తూనే ఉంది. నిన్ను వదిలేసి పోతానేమోనని చచ్చేంత భయమేసింది.”

ఈసారి పిచ్చుక గొంతు తలుపుకి దగ్గరగా వినపడింది.

“కళ్ళు తెరవగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. నీకూ భయమేసిందనే అనుకున్నా. తర్వాత నువ్వలా నవ్వుతూ తిరుగుతుంటే, నాకొక్కదానికే భయమేమో, నాకే పిచ్చేమో అనుకున్నానమ్మా.”

“నీకొక్కదానికే కాదురా,” అంది టైలరమ్మ. “ఇద్దరికీ.”

పిచ్చుక వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి తలుపు తియ్యలేదు. తియ్యకుండా ఉండటానికి ఎంత ఓపిక కావాలో ఆమెకే తెలియాలి.

“మేడమ్‌తో ఇంకా మాట్లాడాలి,” అంది పిచ్చుక ముక్కు ఎగబీలుస్తూ. “నువ్వు బయటికి వెళ్ళు. నిజంగా వెళ్ళమ్మా. నానమ్మని కూడా తీసుకెళ్ళు.”

టైలరమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. గుమ్మం దాటారో లేదో, ఆవిడ కోడలి చెవి దగ్గరికి వంగింది.

“ఏమందే? ఏడ్చింది కదూ? ఏం చెప్పింది?”

“నాకు చెప్పిందత్తయ్యా,” అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “మీకు చెప్పను.”